తాళంచెవి నా దగ్గరే ఉంటుంది

గెర్గెయ్ గారూ,
జనవరి నెలాఖరున వస్తానని రాశారు, ఒక్క రోజుకి.
ఎవరూ రాని కాలం, రద్దీ ఉండదని మీ లెక్క.
నిజమే, ఉండదు.
టికెట్టు గదికి చెక్కలు కొట్టేస్తారు,
కాఫీ యంత్రానికి గోనె కప్పేస్తారు,
పైకొచ్చే దారికి మంచు ఎప్పుడు అడ్డం పడుతుందో
ఆ మంచుకే తెలీదు.
చర్చి తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది,
వంటింట్లో, ఉప్పుడబ్బా పక్క మేకుకి.

ముందు బస్సు సంగతి.
తోల్మిన్‌లో పొద్దున ఏడుంపావుది ఎక్కండి.
దాని తర్వాతది వేసవిలోనే నడుస్తుంది,
పట్టికలో ఏడాది పొడుగునా అచ్చేసి ఉంటుంది, నమ్మకండి.
డ్రైవరు స్రెచ్కో. మాట పొదుపు.
"యెరిత్సా ఇంటికి" అనండి చాలు,
ఆపకూడని చోట ఆపుతాడు.
అక్కణ్ణుంచి ఇద్దరం నడుద్దాం, రెండు గంటలు,
నా మోకాలు బాగుంటే.

మేజోళ్ళు రెండు జతలు తెచ్చుకోండి.
గొడుగు వద్దు, మా లోయ గాలికి గొడుగంటే వేళాకోళం.
దారి పక్కన తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తే
చూడండి, ముట్టుకోకండి.
మా పెదనాన్న లోయ్జె ఎడమచేతికి మూడు వేళ్ళే.
మిగతా రెండూ బంగాళదుంపలు తవ్వుతుంటే పోయాయి,
యుద్ధం ముగిసిన ముప్పై ఏడేళ్ళకి.
పింఛను ఇవ్వలేదు.
సైనికుడు కాడుగా.

కొలొవ్రత్ మీది కందకాలు కూడా అదే రోజు చూడొచ్చా అన్నారు.
పటం మీద బొటనవేలంత దూరమే.
జనవరిలో ఆ బొటనవేలికి రోజంతా పడుతుంది.
మంచు నిండాక కందకమేదో నేలేదో మాకే తెలీదు.
కిందటేడు ఓ బెల్జియం కుర్రాడు నడుందాకా దిగబడ్డాడు.
పైకి లాగాక చాలాసేపు నవ్వాడు,
మా ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఏడ్చాడు.

నది అవతల, ఇటలీ వాళ్ళ ఎముకలు దాచిన కొండ ఉంది.
దాన్ని ఇంకో ప్రయాణానికి ఉంచండి.
నేనే అక్కడికి మొదటిసారి వెళ్ళింది యాభై రెండో ఏట.
పాతిక కిలోమీటర్లు కూడా లేదు.
ఎందుకు వెళ్ళలేదని అడక్కండి,
మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇక చర్చి.
దీపం ఉండదు. ఊపిరి కళ్ళముందే పొగవుతుంది.
గుండ్లు వచ్చిన పెట్టెల చెక్కలే గోడలకి పలకలు,
పలకల మీద కాల్చిన ఇనుముతో పేర్లు.
చలికాలం వాటిని నేనే తుడుస్తాను,
తడి తగలకుండా, పొడిగుడ్డతో,
లోతుగా కాలిన అక్షరాల్లోకి చిటికెనవేలు పెట్టి.

మీరు పంపిన పేరు వెతికాను.
రెండుసార్లు. మూడోసారి మా మనవరాలు నేజ్కాని కూడా తీసుకెళ్ళి.
లేదు.
ఒక అక్షరం తేడాతో ఇంకొకటి ఉంది,
ఎడమవైపు, కింది వరసకి దగ్గర్లో.
ఆ ఇనుము పట్టుకున్నవాడికి మీ భాష రాదేమో,
వేళ్ళు కొంకర్లు పోయాయేమో.
లేక అది నిజంగానే ఇంకొకరిదేమో,
ఇంకో ఊళ్ళో ఇంకెవరో
ఇప్పటికీ ఉత్తరం రాయని పేరేమో.
నేను తేల్చను. తేల్చడం నాకు చేతకాదు.
ఈ మాట చదివితే మీరు రారేమోనని
వారం రోజులు ఈ కాగితం రొట్టెల డబ్బాలో పెట్టుకున్నాను.

వస్తే, మూడింటికల్లా దిగిపోవాలి.
ఎండ కొండ వెనక్కి జారాక దారి గాజైపోతుంది.
మా ఇంట్లో పులిసిన టర్నిప్ తురుము, చిక్కుడు గింజల సూపు ఉంటుంది.
నచ్చకపోయినా తాగేయండి, వేడి కోసం.
తిరుగు బస్సు నాలుగు నలభైకి,
మళ్ళీ స్రెచ్కోనే.

ఒక్క సంగతి మర్చిపోయాను.
టార్చికి బ్యాటరీలు తెండి, లావువి, నాలుగు.
ఇక్కడి కొట్టు మార్చి దాకా తెరవరు.
కింది వరస దగ్గర
మోకాళ్ళ మీద కూర్చుంటే గానీ కనబడదు.